ఎల్‌ఈడీ టార్చిలైటులో వేడి ఎటు పోతుంది? – ఉష్ణ నిర్వహణ, నిర్మాణ నాణ్యతపై ఒక పరిశీలన

రాత్రివేళ మడవ మార్చడానికి, మోటారు స్టార్టరు చూడడానికి, కళ్ళంలో ధాన్యపు రాశికి కాపలా కాయడానికి వెళ్ళే రైతు చేతిలో టార్చిలైటు తప్పక ఉంటుంది. అయినా వ్యవసాయ పరికరాల గురించి మనం రాసే వ్యాసాలలో దాని ప్రస్తావన దాదాపు కనిపించదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అమలైన తర్వాత చాలా ఏళ్ళపాటు త్రీఫేజ్ సరఫరాలో కొంత భాగం రాత్రి గంటల్లోనే అందేది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట 9 గంటల సరఫరా విధానం వచ్చింది. రాత్రి నీరు కట్టే అవసరం దీనివల్ల తగ్గింది గాని తొలగిపోలేదు. కాలువ చివరి భూములలో నీటి వంతు అర్ధరాత్రి వస్తే అర్ధరాత్రే వెళ్ళవలసి ఉంటుంది. కట్లపాము రాత్రి సంచరించేది. రక్తపింజర కూడా ఎక్కువగా చీకటి పడిన తర్వాతే కదులుతుంది. అటువంటి గట్టు మీద నడుస్తుండగా చేతిలోని వెలుతురు తగ్గిపోవడాన్ని చిన్న అసౌకర్యంగా కొట్టివేయలేము.

పెట్టె మీద 1000 ల్యూమెన్లు అని ముద్రించిన లైటు పది నిమిషాల తర్వాత అందులో మూడో వంతు వెలుతురు మాత్రమే ఇవ్వడం సర్వసాధారణం. బ్యాటరీ అయిపోయిందని వాడుకరి అనుకుంటాడు. చాలా సందర్భాలలో కారణం బ్యాటరీ కాదు, వేడి. ఎల్‌ఈడీ లైటు ఎంత వెలుతురును నిలకడగా ఇవ్వగలదన్నది, చిప్‌లో పుట్టిన వేడి బయటి గాలిలోకి ఎంత సులువుగా పోగలదన్న దానిపైనే ప్రధానంగా ఆధారపడుతుంది. టార్చిలైట్లను అభిరుచిగా సేకరించి, విప్పి చూసి, కొలిచి, మళ్ళీ బిగించే ఔత్సాహికులు ప్రపంచమంతటా ఉన్నారు. పెట్టె మీది అంకెను నమ్మకుండా కాలంతోపాటు వెలుతురు ఎలా మారుతోందో గీత గీసి చూపడం వారు పెంచిన మంచి అలవాటు. మన విస్తరణ సిబ్బందికి కూడా అది పనికివస్తుంది.

వేడి వెలువడే తీరు

పాత ఫిలమెంటు బల్బు వాట్‌కు పది, పదిహేను ల్యూమెన్లకు మించి ఇచ్చేది కాదు. తీసుకున్న శక్తిలో అత్యధిక భాగం పరారుణ కిరణాల రూపంలో వెలుతురుతోపాటే ముందుకు వెళ్ళిపోయేది. అందువల్ల లైటు శరీరం రేకుదైనా, ప్లాస్టిక్‌దైనా పెద్దగా తేడా ఉండేది కాదు. తెల్లని ఎల్‌ఈడీ కథ వేరు. నీలి కాంతినిచ్చే గాలియం నైట్రైడ్ చిప్ మీద పసుపు కాంతినిచ్చే ఫాస్ఫర్ పూత ఉంటుంది; రెండూ కలిసి తెలుపుగా కనిపిస్తాయి. నీలి డయోడును సాధ్యం చేసినందుకే ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఈ డయోడు వాట్‌కు 100 ల్యూమెన్లు సులువుగా ఇస్తుంది. అయినా లెక్క కట్టి చూస్తే శక్తిలో మూడో వంతు మాత్రమే వెలుతురుగా మారినట్లు. మిగిలిన రెండు వంతులు వేడే. ఆ వేడి కిరణాలుగా ముందుకు పోదు. కొద్ది చదరపు మిల్లీమీటర్ల చిప్ అడుగు భాగం నుంచి వహనం ద్వారానే వెనక్కు పోవాలి. ఎల్‌ఈడీ చల్లని దీపం అనే మాట కిరణపుంజం వరకే నిజం.

వేడి పోకపోతే ముందుగా వెలుతురు తగ్గుతుంది. చిప్ ఉష్ణోగ్రత 25 నుంచి 85 డిగ్రీలకు పెరిగితే అదే కరెంటుకు పది శాతం దాకా వెలుతురు పోతుంది. ఇది తాత్కాలికం, చల్లబడితే తిరిగి వస్తుంది. అధిక ఉష్ణోగ్రత కొనసాగితే మాత్రం ఫాస్ఫర్, దానిపై ఉండే సిలికాన్ కటకం శాశ్వతంగా దెబ్బతింటాయి. ఇటువంటి శక్తిమంతమైన డయోడులలో చాలావాటికి తయారీదారులు నిర్దేశించే గరిష్ఠ అంతర్గత ఉష్ణోగ్రత 150 డిగ్రీలు.

నేల–మొక్క–గాలి, చిప్–తొడుగు–గాలి

మన విద్యార్థులకు ఈ విషయాన్ని వివరించడానికి ఒక దగ్గరి దారి ఉంది. నేల నుంచి వేరు, కాండం, ఆకుల మీదుగా గాలిలోకి నీరు ప్రయాణించే తీరును 1948లో డచ్ శాస్త్రవేత్త వాన్ డెన్ హోనెర్ట్ ఓమ్ సూత్రంతో పోల్చి వివరించాడు. ఒకదాని వెనుక ఒకటిగా ఉన్న నిరోధాల గుండా ఒకే ప్రవాహం సాగుతుంది. వాటిలో అన్నింటికంటె పెద్ద నిరోధమే ప్రవాహాన్ని శాసిస్తుంది. మొక్కలో ఆ పెద్ద నిరోధం ఆకు నుంచి గాలికి మధ్య ఉంటుంది. టార్చిలైటులో వేడి ప్రయాణం కూడా అచ్చంగా ఇదే. చిప్, దాని అడుగున టంకం, లోహపు సర్క్యూట్ పలక, ఉష్ణవాహక లేపనం, లైటు తల, పొడవాటి గొట్టం, చివరకు గాలి. నీటి పొటెన్షియల్‌కు బదులు ఉష్ణోగ్రత, బాష్పోత్సేకానికి బదులు వాట్లు.

బాగా తయారైన లైటులో పెద్ద నిరోధం తొడుగుకు, గాలికి మధ్య ఉండాలి. లోపలి నిరోధాలన్నీ దానితో పోలిస్తే స్వల్పంగా ఉండాలి. నాసిరకం లైటులో ఇది తలకిందులవుతుంది. వేడి తొడుగు దాకా రానేరాదు. కాబట్టి పూర్తి వెలుతురుతో పది నిమిషాలు వెలిగినా చల్లగా ఉన్న శక్తిమంతమైన లైటును చూసి సంతోషించకూడదు, అనుమానించాలి.

16 మి.మీ. వ్యాసం గల సర్క్యూట్ పలకను తీసుకుందాం. దాని వైశాల్యం 2 చదరపు సెంటీమీటర్లు. పలకకు, దాని కింది లోహపు అరకు మధ్య 0.1 మి.మీ. మందంలో గాలి మిగిలిపోయిందనుకుంటే, గాలి ఉష్ణవాహకత 0.026 మాత్రమే గనుక, ఆ ఒక్క పొర నిరోధమే వాట్‌కు 19 డిగ్రీలు. ఏడు వాట్ల వేడి దాని గుండా పోవాలంటే పలకకు, అరకు మధ్య 130 డిగ్రీలకు పైగా తేడా ఏర్పడాలి. అంటే చిప్ కాలిపోవాలి. అదే సందును ఉష్ణవాహకత 3 ఉన్న లేపనంతో నింపితే నిరోధం వాట్‌కు 0.2 డిగ్రీల లోపునకు పడిపోతుంది. తేడా ఒక డిగ్రీ, డిగ్రీన్నర. కొద్ది పైసల లేపనం, రెండు మరల బిగింపు చేసే పని ఇది. ఔత్సాహికులు కొత్త లైటు రాగానే ముందుభాగం విప్పి పలక కింద చూడడంలో అర్థం ఉంది.

పలకలో కూడా తేడాలున్నాయి. సాధారణ అల్యూమినియం పలకలో విద్యుత్తును ఆపడానికి వేసే పలుచని పొర వేడిని కూడా కొంత ఆపుతుంది. మేలైన రాగి పలకలలో డయోడు మధ్య మెట్టను ఈ పొర లేకుండా నేరుగా రాగికే టంకం పెడతారు. ఏడు వాట్ల వద్ద దీనివల్ల పదిపన్నెండు డిగ్రీలు కలిసివస్తాయి. నాలుగైదు వందల ల్యూమెన్ల లైటుకు ఇది అనవసరమైన ఖర్చే అని నా అభిప్రాయం.

గాలిలోకి పోయే చివరి అంచె

13 సెం.మీ. పొడవు, 2.5 సెం.మీ. వ్యాసం ఉన్న మామూలు జేబులైటు ఉపరితలం సుమారు 100 చదరపు సెంటీమీటర్లు. కదలని గాలిలో సంవహనం, వికిరణం రెండూ కలిపి చదరపు మీటరుకు, ఒక డిగ్రీ తేడాకు 11 వాట్ల చొప్పున వేడి పోతుందనుకుందాం. అప్పుడు తొడుగుకు, గాలికి మధ్య నిరోధం వాట్‌కు 9 డిగ్రీలు. డయోడు 10 వాట్లు తీసుకొని 1000 ల్యూమెన్లు ఇస్తుంటే వేడి దాదాపు 7 వాట్లు. ఆ వేడి నిలకడగా పోవాలంటే తొడుగు ఉష్ణోగ్రత గాలికంటె 63 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. గాలి 30 డిగ్రీలైతే తొడుగు 93 డిగ్రీలు. లోహం 50 డిగ్రీలు దాటితేనే చేత్తో పట్టుకోవడం కష్టం.

మొదటి నిమిషాలలో ఈ ఇబ్బంది తెలియకపోవడానికి కారణం ఉష్ణధారిత. సెల్లుతో కలిపి 150 గ్రాముల లైటు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 135 జౌళ్ళు కావాలి. ఏడు వాట్ల వద్ద 30 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు చేరడానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఆ ఎనిమిది నిమిషాలూ లైటు వేడిని గాలికి ఇవ్వడం కంటె తనలో దాచుకోవడమే ఎక్కువ. నేలలో నిల్వ ఉన్న తేమతో పైరు కొన్ని రోజులు వాడకుండా నిలబడినట్లే ఇది కూడా. నిల్వ తీరిన తర్వాత అసలు లెక్క బయటపడుతుంది. 50 డిగ్రీలు దాటకూడదనుకుంటే 20 డిగ్రీల తేడాకు పోగలిగిన వేడి 2.2 వాట్లు. దానికి సరిపడే వెలుతురు 350 నుంచి 400 ల్యూమెన్లు. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో చీకటి పడ్డాక కూడా గాలి 40 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే తేడా పది డిగ్రీలే మిగులుతుంది; నిలకడ వెలుతురు మళ్ళీ సగమవుతుంది. ఒకే లైటు సంక్రాంతినాడు ఒక తీరుగా, రోహిణి కార్తెలో మరో తీరుగా పనిచేయడంలో వింత లేదు.

గాలి వీస్తే పరిస్థితి మారుతుంది. సెకనుకు రెండు మీటర్ల గాలిలో సంవహనం నాలుగు రెట్ల వరకు పెరుగుతుంది. ఆకు చుట్టూ ఉండే సరిహద్దు పొర గాలికి పలచబడడం వంటిదే ఇది. చేతి పట్టు కూడా సాయపడుతుంది. రక్తప్రసరణ కొంత వేడిని మోసుకుపోతుంది. అందుకే చేతిలో పట్టుకొని నడిచేటప్పుడు బాగా పనిచేసిన లైటు మోటారు గదిలో గూటిలో నిలబెడితే త్వరగా మందగిస్తుంది. తల చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎడంతో చెక్కిన గాడుల విషయంలో నాకు నమ్మకం తక్కువ. నిశ్చల గాలిలో సరిహద్దు పొర మందం ఆ ఎడం కంటె ఎక్కువ. గాడుల మధ్య గాలి కదలదు. పొలంలో వాటిలో బురద చేరుతుంది. అవి చాలావరకు చూపుకే.

పైపూత పాత్ర మాత్రం చిన్నది కాదు. మెరుగుపెట్టిన అల్యూమినియం ఉద్గారత 0.1 లోపే, ఆనోడైజింగ్ పూత వేసిన దానిది 0.8 దగ్గర. కదలని గాలిలో పోయే వేడిలో దాదాపు సగం వికిరణం ద్వారానే గనుక ఈ పూత గీతలను ఆపడంతోపాటు లైటును చల్లబరుస్తుంది కూడా.

లోహాల ఎంపిక

రాగి ఉష్ణవాహకత 400 దాకా ఉంటుంది. లైట్లకు వాడే 6061 రకం అల్యూమినియం మిశ్రమానిది 167, ఇత్తడిది 110 పైచిలుకు, స్టెయిన్‌లెస్ స్టీలుది 16, టైటానియం మిశ్రమానిది 7. తలలో పుట్టిన వేడి గొట్టం మీదుగా తోక దాకా పాకితేనే మొత్తం ఉపరితలం వినియోగంలోకి వస్తుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందపు గొట్టంలో ఐదు సెంటీమీటర్ల దూరానికి అల్యూమినియం నిరోధం వాట్‌కు 3 డిగ్రీలు. స్టెయిన్‌లెస్ స్టీలుది 30 దగ్గర. టైటానియానిది 65 పైన. చివరి రెండింటిలో తల కాలుతుంటే తోక చల్లగానే ఉంటుంది. ఔత్సాహికులు టైటానియం లైట్లను మెచ్చుకొని కొనడం అందం కోసం, తుప్పు పట్టదన్న ధీమా కోసం. రాగి లైటు వేడిని బాగా పంచుతుంది గాని బరువు మూడు రెట్లు, జేబులో నల్లబడుతుంది. పొలానికి అల్యూమినియమే తగినది.

ప్లాస్టిక్ గురించి కూడా న్యాయంగా చెప్పాలి. రెండు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గోడ వేడిని అడ్డంగా దాటనివ్వడంలో మరీ అంత చెడ్డది కాదు; గోడ వెంబడి పంచలేకపోవడమే దాని లోపం. సంతలో దొరికే పెద్ద ప్లాస్టిక్ లైట్లలో డయోడు ఒక చిన్న రేకుకు అంటించి, రిఫ్లెక్టరు వెనుక మూసిన గదిలో ఉంటుంది. అర వాట్, ఒక వాట్ వరకు పర్వాలేదు. అంతకు మించితే కొన్ని నెలల్లో వెలుతురు నీలంగా మారి తగ్గిపోతుంది. వీటిలో తరచుగా ఉండే 4 వోల్టుల సీసపు బ్యాటరీని కొన్ని వారాలు చార్జింగ్ లేకుండా వదిలేస్తే సల్ఫేట్ పేరుకొని పాడవుతుంది. పంట సీజన్ల మధ్య మూలన పడే వస్తువుకు ఇది తగిన బ్యాటరీ కాదు.

నియంత్రణ సర్క్యూట్, సెల్లు

వేడిని బయటకు పంపలేనప్పుడు పుట్టకుండా చూడడం రెండో మార్గం. చవక లైట్లలో గడియారం లెక్కన మూడు నిమిషాలకో, ఐదు నిమిషాలకో కరెంటు తగ్గిస్తారు. గాలి చల్లగా ఉందా, వేడిగా ఉందా అన్నది దానికి పట్టదు. మేలైన వాటిలో ఉష్ణోగ్రతను కొలిచే సెన్సారు ఉండి, నిర్ణీత హద్దు దగ్గరకు రాగానే కరెంటును మెల్లగా సవరిస్తుంది. కన్ను వెలుతురును సంవర్గమాన రీతిలో గ్రహిస్తుంది గనుక 1000 నుంచి 500కు నెమ్మదిగా దిగితే నడిచేవాడు గమనించనే గమనించడు. ఏ నియంత్రణా లేక డయోడును సెల్లుకు నేరుగా తగిలించినట్లుండే లైట్లు కొనకపోవడమే మంచిది. వేడెక్కేకొద్దీ డయోడు వోల్టేజి తగ్గి, మరింత కరెంటు లాక్కొని, ఇంకా వేడెక్కుతుంది.

18 మి.మీ. వ్యాసం, 65 మి.మీ. పొడవు ఉండే 18650 లిథియం అయాన్ సెల్లు ఇప్పుడు వాడుకలో ప్రధానమైనది. దాని నిజమైన సామర్థ్యం 3500 మిల్లీ ఆంపియర్ అవర్ల పరిసరాలకు మించదు. 9900 అని ముద్రించిన సెల్లు అబద్ధం చెబుతున్నట్లే. ఈ రకం సెల్లులను సాధారణంగా 45 డిగ్రీలకు మించిన వేడిలో చార్జి చేయకూడదు. 60 దాటిన వేడిలో వాడకూడదు. లైటు తొడుగు 50 డిగ్రీలుంటే లోపలి సెల్లు కూడా ఇంచుమించు అంతే. పూర్తి వెలుతురుతో వాడి ఇంటికి రాగానే వేడి మీదే చార్జింగుకు పెట్టడం, ఎండలో ట్రాక్టరు సీటు మీదో, కారు అద్దం దగ్గరో వదిలేయడం దాని ఆయుష్షును తగ్గిస్తాయి.

చేతిలో పట్టుకొని చూడవలసినవి

నిర్మాణ నాణ్యతను అంచనా వేయడానికి ప్రయోగశాల అక్కరలేదు. డయోడు పలకను మోసే అర, తలతో ఒకే ముక్కలో చెక్కినదా, విడిగా చేసి లోపల వదులుగా పెట్టినదా చూడాలి. మర చుట్లు మందంగా, గరగరలాడకుండా తిరగాలి. తోక దగ్గర చుట్ల మీద కూడా ఆనోడైజింగ్ పూత ఉంటే పావు చుట్టు వదులు చేయగానే విద్యుత్ మార్గం తెగుతుంది. సంచిలో పొరపాటున వెలిగి కాలే ప్రమాదం తప్పుతుంది. పలుచని ఉక్కు స్ప్రింగు కూడా వేడి పుట్టించేదే: 3 ఆంపియర్ల కరెంటుకు 50 మిల్లీ ఓముల స్ప్రింగులో దాదాపు అర వాట్ వృథా. ఔత్సాహికులు స్ప్రింగు మీదుగా చిన్న రాగి తీగను టంకం పెట్టుకోవడం దీనికే.

నీటి నిరోధానికి ఐపీఎక్స్ 7 అంటే ఒక మీటరు లోతులో 30 నిమిషాలు తట్టుకోవడం. అది కొత్త రబ్బరు చుట్టుతో చేసిన పరీక్ష. ఏడాదికి రెండుసార్లు చుట్టును తుడిచి పలుచగా సిలికాన్ గ్రీజు రాయకపోతే ఆ అంకెకు విలువ లేదు. చార్జింగు రంధ్రానికి ఉన్న రబ్బరు మూత పొలంలో ముందుగా ఊడిపోయే భాగం. విడి చార్జరులో పెట్టుకొనే సెల్లున్న లైటు ఈ విషయంలో మెరుగు. బోర్డో మిశ్రమం కలిపిన చేతులతో లైటు పట్టుకుంటే తుడిచి పెట్టాలి. సున్నపు క్షారం అల్యూమినియాన్ని, దాని పూతను తింటుంది.

పెట్టె మీది అంకెలు, మన కొలతలు

అమెరికాలో 2009లో వచ్చిన ఎఫ్‌ఎల్ 1 ప్రమాణం ఇప్పుడు అంతటా వాడుకలో ఉంది. దాని ప్రకారం ల్యూమెన్లను వెలిగించిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు కొలుస్తారు. వెలిగే కాలాన్ని, మొదటి వెలుతురులో 10 శాతానికి పడిపోయేవరకు లెక్కిస్తారు. కిరణం దూరాన్ని, పౌర్ణమి వెన్నెలకు సమానంగా తీసుకున్న 0.25 లక్స్‌కు తగ్గే చోటు వరకు చూపుతారు. మూడు నిమిషాలు 1000 ల్యూమెన్లు, తర్వాత ఆరు గంటలు 150 ల్యూమెన్లు ఇచ్చే లైటు మీద '1000 ల్యూమెన్లు, ఆరు గంటలు' అని రాసినా ఈ ప్రమాణం ప్రకారం తప్పు కాదు. అందుకే ఒక్క అంకెతో టెండరు పిలవడం సరికాదు. పదో నిమిషంలోను, ముప్పయ్యో నిమిషంలోను వెలుతురు ఎంత ఉండాలో నిబంధనలో చేర్చాలి.

దీనిని కొలవడానికి పంట శరీరధర్మశాస్త్ర ప్రయోగశాలలో ఉన్న లక్స్‌మీటరు చాలు. చీకటి గదిలో లైటును పైకప్పుకు గురిపెట్టి నిలబెట్టి, మీటరును ఒకే చోట ఉంచి, 30వ సెకనులో మొదటి కొలత, తర్వాత నిమిషానికొకటి చొప్పున అరగంట నమోదు చేస్తే వెలుతురు తగ్గే గీత వస్తుంది. తొడుగు వేడిని మనం పైరు పందిరి ఉష్ణోగ్రతకు వాడే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూడవచ్చు. కాని ఆకుకు సరిపెట్టిన ఉద్గారత మెరిసే లోహానికి వర్తించదు. కొలత చాలా తక్కువగా వస్తుంది. కొలిచే చోట నల్ల ఇన్సులేషన్ టేపు అంటించి దాని మీద కొలవాలి. ఎంఎస్సీ విద్యార్థులు ఒక మధ్యాహ్నంలో నాలుగు లైట్లను పోల్చి చూడగలరు.

గట్టు మీద నడకకు 150 ల్యూమెన్లు సరిపోతాయి. ఆ స్థాయిలో వేడి ఒక వాట్ దగ్గరే. తొడుగు తొమ్మిది, పది డిగ్రీలకు మించి వేడెక్కదు. 3000 సామర్థ్యం గల ఒక సెల్లుతో ఆరేడు గంటలు వెలుగుతుంది. అదే కిరణంతో రెట్టింపు దూరం చూడాలంటే నాలుగు రెట్ల వెలుతురు కావాలి గనుక ఎక్కువ స్థాయిని అలికిడి విన్న క్షణానికి దాచుకోవడం మేలు.

రాత్రి పొగాకు లద్దెపురుగును వెదికేవారికి, మడిలో మొదళ్ళ దగ్గర సుడిదోమను చూసేవారికి మాత్రం మరొక అంశం ముఖ్యం. ఎక్కువ ల్యూమెన్ల కోసం వాడే నీలి ఛాయ డయోడులలో ఎరుపు, గోధుమ ఛాయలు పాలిపోతాయి. ఆకు మీది మచ్చ అంచు రంగు సరిగా తెలియదు. రంగు సూచిక 90 పైన ఉన్న డయోడులలో ఈ ఛాయలు పగటి రంగుకు దగ్గరగా కనిపిస్తాయి. అవి అదే విద్యుత్తుకు తక్కువ వెలుతురు ఇస్తాయి, అంటే ఎక్కువ వేడి. పరిశీలనకు 100 ల్యూమెన్లు చాలు గనుక ఆ వేడి సమస్య కాదు. క్షేత్ర పరిశీలన కోసం కొనేటప్పుడు ల్యూమెన్లు తగ్గించుకొని రంగు సూచికను అడగడం మంచిది. అమ్మేవారు ఆ అంకెను పెట్టె మీద అరుదుగా ముద్రిస్తారు. డయోడు నమూనా పేరు అడిగి తెలుసుకోవాలి.